ఫీనిక్స్ ఫస్ట్ ఫ్రైడేలో బొమ్మలెక్కడ? మా ఆవిడ కలంకారీ అక్కడ పెట్టొచ్చా?

స్వర్ణముఖి_ఒడ్డు:

అందరికీ నమస్తే. మేముండేది చాండ్లర్‌లో, ఆరిజోనాకి కొత్త. మా ఆవిడది శ్రీకాళహస్తి, వాళ్ళింట్లో రెండు తరాలుగా కలంకారీ ఉంది, తనూ వేస్తుంది. మచిలీపట్నంలో అచ్చులతో వేసేది కాదు, వెదురు కలానికి గుడ్డ చుట్టి చేత్తో గీసే పద్ధతి. కరక్కాయ, పటిక, బెల్లం, ఇనుము అన్నీ సమకూర్చుకుని అపార్ట్‌మెంట్ బాల్కనీలోనే ఏదో తిప్పలు పడి రంగులు తయారు చేస్తోంది. పక్కవాళ్ళు వాసన గురించి ఇంకా ఏమీ అనలేదు.

ఆఫీసులో ఒకాయన "ప్రతి నెలా మొదటి శుక్రవారం రాత్రి డౌన్‌టౌన్‌లో రూజ్‌వెల్ట్ వీధి దగ్గర ఆర్ట్ వాక్ ఉంటుంది, గ్యాలరీలన్నీ తెరిచి ఉంటాయి, టికెట్ లేదు, మీ ఆవిడని తీసుకెళ్ళు" అంటే వెళ్ళాం. జనం మాత్రం విపరీతం. తిండి ట్రక్కులు, డ్రమ్ములు, టీషర్టులు, కొవ్వొత్తులు, రాళ్ళ ఉంగరాలు, జోస్యం చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. పిల్లాడు బాగా ఎంజాయ్ చేశాడు. కానీ గోడకి పెట్టిన బొమ్మ ముందు నిలబడి, అది వేసిన మనిషితో నాలుగు మాటలు మాట్లాడటం అనేది మాకు ఒకటి రెండు చోట్ల తప్ప దొరకలేదు. మా ఆవిడ ఇంటికొచ్చాక "ఇక్కడ నా గుడ్డలు ఎవరు చూస్తారు" అంది. ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు.

అందుకే అడుగుతున్నా. అసలు ఇది ఎప్పుడూ ఇంతేనా, లేక మేము తప్పు చోట తిరిగామా? మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు, ఆవిడకి బొమ్మల మీద మంచి పట్టు ఉంది, మోకాళ్ళ నొప్పి మాత్రం ఎక్కువ, ఆవిడని ఎక్కడికి ఎలా తీసుకెళ్ళాలి? ఇక అసలు విషయం, మా ఆవిడ తన పని అక్కడ పెట్టాలంటే ఏం చెయ్యాలి? తను హెచ్-4 లో ఉంది, అంటే నా హెచ్-1బీ మీద వచ్చిన భార్య వీసా. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, పొడుగైనా చదువుతాను.

రూజ్‌వెల్ట్_పక్కవీధి:

బొమ్మలు చూడాలంటే మూడో శుక్రవారం రండి. నేను ఆ చుట్టుపక్కలే చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, మా ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఇదే చెప్తాను. మొదటి శుక్రవారం ఊరి కోసం, మూడో శుక్రవారం బొమ్మల కోసం. చాలా గ్యాలరీలు కొత్త ప్రదర్శన మొదలుపెట్టేది మూడో శుక్రవారం నాడే. వీధిలో జనం పల్చగా ఉంటారు, పార్కింగ్ దొరుకుతుంది, వేసినవాళ్ళు అక్కడే నిలబడి ఉంటారు, అడిగితే గంటసేపైనా మాట్లాడతారు.

ఎప్పుడూ ఇంతేనా అని అడిగారు. కాదండీ. ఇక్కడి కళాకారులు 1989లో ఆర్ట్‌లింక్ అని ఒక సంస్థ పెట్టుకుని, ఏడాదికోసారి స్టూడియోలన్నీ జనానికి తెరిచే ఆర్ట్ డిటూర్ మొదలుపెట్టారు, అది ఇప్పటికీ వసంతంలో జరుగుతుంది. ఏడాదికి ఒక్కసారి చాలదని 1994లో నెలనెలా ఫస్ట్ ఫ్రైడే మొదలైంది. అప్పుడు ఇందులో పెద్ద ఏర్పాట్లేమీ లేవు. పగలంతా ఎక్కడో ఉద్యోగం చేసుకునేవాళ్ళు సాయంత్రం తమ స్టూడియో తలుపు తీసి లైటు వేసి ఉంచేవాళ్ళు, చూడాలనుకున్నవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు.

మీరు నడిచిన రూజ్‌వెల్ట్ వీధి ఆ రోజుల్లో సగం ఖాళీ స్థలాలు, సగం చెక్కలు కొట్టి మూసేసిన ఇళ్ళు. సాయంత్రం అయితే అటు ఎవరూ పోయేవాళ్ళు కాదు. అద్దె తక్కువ కాబట్టే కళాకారులు అక్కడికి చేరారు. 1999లో కింబర్ లానింగ్ అనే ఆవిడ మోడిఫైడ్ ఆర్ట్స్ తెరిచారు, అప్పట్లో ఒకవైపు బొమ్మలు, రాత్రిళ్ళు పాటల కచేరీలు. 2000లో ఐ లౌంజ్ వచ్చింది. మీ ఆవిడ విషయానికి ఇది పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఐ లౌంజ్‌కి ఓనరంటూ ఒక సేఠ్ లేడు, అది కళాకారులే నడుపుకునే సహకార గ్యాలరీ. సభ్యులు నెలనెలా తలా కొంత వేసుకుని అద్దె కడతారు, వంతులవారీగా వాళ్ళే కూర్చుని గ్యాలరీ తెరిచి ఉంచుతారు, ఒక్కొక్కరికీ వంతు వచ్చినప్పుడు తమ ప్రదర్శన పెట్టుకుంటారు. అమ్ముడవుతుందా లేదా అని చూసి బొమ్మని ఎంచే మనిషి మధ్యలో ఉండడు కాబట్టి, ఎవరికీ అలవాటులేని పని చేసేవాళ్ళకి కూడా అక్కడ చోటు దొరుకుతుంది. కలంకారీ లాంటిది అక్కడి వాళ్ళు శ్రద్ధగా చూస్తారని నా నమ్మకం.

తర్వాత 2006లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ డౌన్‌టౌన్ క్యాంపస్ వచ్చింది, 2008 డిసెంబర్‌లో లైట్ రైల్ మొదలైంది, కుర్రకారు వచ్చారు, హోటళ్ళు వచ్చాయి, వాళ్ళ వెనకే అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళూ వచ్చారు. రూజ్‌వెల్ట్ మీద గ్రీన్‌హౌస్ అని ఒక గ్యాలరీ ఉన్న పాత బిల్డింగ్, దాని లోపలి గోడల మీద టెడ్ డిగ్రాజియా అనే ఆరిజోనా చిత్రకారుడు వేసిన పాత బొమ్మలు, అయినా ఎంతమంది వద్దన్నా 2015లో దాన్ని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. పాడుబడిన వీధికి పేరు తెచ్చింది కళాకారులు, ఆ పేరుతో పెరిగిన అద్దె కట్టలేక వెళ్ళిపోయిందీ వాళ్ళే. ఈ రోజుకీ ఆ వీధిలో నిలబడినవాళ్ళలో ఎక్కువమంది మొదట్లోనే చవగ్గా స్థలం కొనుక్కున్నవాళ్ళు, లేదా అలా కొనుక్కున్నవాళ్ళ దగ్గర అద్దెకున్నవాళ్ళు. గ్యాలరీలు తగ్గి బయట స్టాల్స్ పెరగడానికి సగం కారణం ఇదే. మీకు బొమ్మలు కనపడకపోవడం మీ తప్పు కాదు.

మీ అత్తగారి సంగతి. మొదటి శుక్రవారమే కుదిరితే ముందు ఫీనిక్స్ ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. ఆ సాయంత్రం అక్కడ మనకి తోచినంత ఇచ్చి లోపలికి పోవచ్చు, వేళలు మాత్రం వాళ్ళ సైట్‌లో చూసుకోండి. లోపల యాయోయి కుసామా అనే జపాన్ కళాకారిణి చేసిన మిణుగురుల గది ఉంది, చీకటి గదిలో అద్దాలు, పైనుంచి వేలాడే చిన్న చిన్న దీపాలు. పెద్దవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి, లోపల గోడ ఎక్కడుందో తెలీదు. అక్కడ కూర్చోవడానికి చోటుంటుంది, ఏసీ ఉంటుంది. తర్వాత పొద్దు గుంకే వేళకి రూజ్‌వెల్ట్‌కి వచ్చి రెండు మూడు గ్యాలరీలు చూసుకుని ఎనిమిదింటి లోపు బయటపడితే ఆవిడకి ఇబ్బంది ఉండదు. ఎనిమిది దాటాకే అసలు తొక్కిసలాట.

కారు డౌన్‌టౌన్ దాకా తేకండి. చాండ్లర్‌కి రైలు లేదు గానీ టెంపీ దగ్గర ప్రైస్-101 స్టేషన్‌లో కారు పెట్టి రైలెక్కొచ్చు, రోజంతా తిరగడానికి పాస్ 4 డాలర్లు. 2025 నుంచి లైన్లు రెండయ్యాయి కాబట్టి డౌన్‌టౌన్‌లో దిగి ఉత్తరంగా వెళ్ళే రైలు మారాలి, మ్యూజియంకీ రూజ్‌వెల్ట్‌కీ రెండింటికీ అదే రైలు. మీరిద్దరే అయితే డౌన్‌టౌన్ నుంచి రూజ్‌వెల్ట్‌కి పావుగంట నడక, ఆవిడతో మాత్రం రైలు మారండి.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పెద్దవాళ్ళని అసలు తేవద్దు. 2023లో ఇక్కడ వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43 దాటింది. సూర్యుడు పోయాక కూడా రోడ్డు సెగ కొడుతూనే ఉంటుంది. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈ ఊళ్ళో సాయంత్రాలంత హాయి ఇంకెక్కడా లేదు.

చుక్కల_ముగ్గు:

నమస్తే తమ్ముడూ. నేను ఫస్ట్ ఫ్రైడేలో స్టాల్ పెడుతుంటాను, ముగ్గుల డిజైన్లు కాగితం మీదా చెక్క మీదా వేసి అమ్ముతాను. పై ఆయన చెప్పిందంతా నిజం. నేను డబ్బూ కాగితాల సంగతి చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు దెబ్బతినేది అక్కడే.

మొదట వీసా. హెచ్-4 మీద ఉన్నవాళ్ళు పని అనుమతి కార్డు, అదే ఈఏడీ, లేకుండా స్టాల్ పెట్టి అమ్మకూడదు. "చిన్న బొమ్మే కదా, క్యాష్ తీసుకుంటాం కదా" అని ఎవరైనా చెప్తే వినకండి, రేపు గ్రీన్ కార్డు దగ్గర అది మెడకు చుట్టుకుంటుంది. మీకు ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం మీ కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయి ఉంటే తను హెచ్-4 ఈఏడీకి అప్లై చెయ్యొచ్చు, 2015 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ఆ కార్డు చేతికొస్తే సొంతంగా వ్యాపారం కూడా చేసుకోవచ్చు. అది వచ్చేదాకా ప్రదర్శనకి మాత్రమే పెట్టొచ్చా, దాని సరిహద్దు ఎక్కడ అనేది మీ లాయర్ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట మీద నడవకండి.

రెండోది పన్ను. ఆరిజోనాలో వస్తువు అమ్మే ప్రతివాళ్ళకీ టీపీటీ లైసెన్స్, అంటే ఇక్కడి అమ్మకపు పన్ను లైసెన్స్, కావాలి, రాష్ట్రానికి కట్టేది 12 డాలర్లు, సిటీ ఫీజు ఉంటే అది వేరే. ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అమ్మకం లేకపోయినా సున్నా అని రిటర్న్ వెయ్యాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

మూడోది చోటు. ఖాళీగా కనపడ్డ ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఒక్కో స్థలాన్ని ఒక్కొక్కరు చూసుకుంటారు, ముందే అప్లికేషన్ పెట్టి, మీ పని ఫోటోలు పంపి, ఫీజు కట్టాలి. నెల ముందు మొదలుపెడితే నయం. మొదట ఒక ప్రైవేటు లాట్‌లో నేను డబ్బు కట్టాక, సాయంత్రం వెళ్తే నా చోటులో ఇంకొకరు ఉన్నారు, కట్టిన డబ్బు రావడానికి చాలా తిరగాల్సి వచ్చింది. అందుకే రసీదు, చోటు నంబరు రెండూ మెయిల్‌లో ఉంటేగానీ ఇప్పుడు ఎవరికీ డబ్బు పంపను.

టెంటు సంగతి. తారురోడ్డులో మేకు దిగదు కాబట్టి నాలుగు కాళ్ళకీ బరువులు కట్టాలి. జూలై, ఆగస్టులలో దుమ్ము తుఫాను ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చిందంటే పది నిమిషాల్లో అంతా ఎర్రమట్టి. కలంకారీ గుడ్డ మీద ఆ దుమ్ము పడితే మీ ఆవిడ ప్రాణం పోతుంది. ఆ రెండు నెలలూ వద్దే వద్దు.

ఇప్పుడు అమ్మకం. పెద్ద గుడ్డలు స్టాల్‌లో అమ్ముడుపోవు, అది మీ ఆవిడ పనిలో లోపం కాదు. చేతిలో తిండి ప్యాకెట్టు, సంకలో పిల్లాడు ఉన్న మనిషి ఆరడుగుల రామాయణం గుడ్డ కొనడు. దాన్ని వెనక గోడలా వేలాడదీయండి, ఆగి చూడటానికి అదే కారణం అవుతుంది. ముందు టేబుల్ మీద అరచెయ్యంత గుడ్డ ముక్కలు, చెట్టు, నెమలి, చేప లాంటివి, చిన్న ఫ్రేముల్లో పెట్టండి. ఇంకా ముఖ్యం, అక్కడే కూర్చుని గియ్యమనండి. నేను ముగ్గు వేస్తూ ఉన్నప్పుడు ఆగే జనం, ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఆగేవాళ్ళ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వెదురు కలంలోంచి నల్లరంగు జారుతూ గీత సాగటం చూస్తే ఎవరైనా ఆగుతారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో గుడ్డ నానబెడితేనే రంగు పాకకుండా నిలబడుతుందని, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరబెట్టి ఆ నలుపు తీస్తారని, గుడ్డని మళ్ళీ మళ్ళీ పారే నీళ్ళలో జాడిస్తారని ఆవిడ నోటితో ఆవిడే చెప్పాలి. ఇంగ్లిష్ తడబడినా పరవాలేదు. వింటున్నవాళ్ళకి కావల్సింది ఆ పని తెలిసిన మనిషి.

ధర తగ్గించొద్దు. ఇది గట్టిగా చెప్తున్నా. పక్క స్టాల్‌లో ప్రింట్ 10 డాలర్లకి ఇస్తున్నారని చేత్తో గీసినదాన్ని ఆ రేటుకి దించేస్తే, రేపు ఇంకో తెలుగమ్మాయి వచ్చి అడిగే ధరని కూడా మీరే దించేసినట్టు.

టెంపీ_చెరువుగట్టు:

రూజ్‌వెల్ట్ అన్న చెప్పిన చరిత్రంతా బాగుంది గానీ ఒక దగ్గర నేను ఒప్పుకోను. "మొదటి శుక్రవారం ఊరి కోసం, మూడోది బొమ్మల కోసం" అని విడదీస్తే, బొమ్మలు ఊరివి కాకుండా పోతాయి కదన్నా.

మనవాళ్ళ సంగతి ఆలోచించండి. మనలో ఎంతమందిమి గ్యాలరీ తలుపు తోసుకుని లోపలికి పోతాం? కొనకపోతే ఏమనుకుంటారో, ఏం మాట్లాడాలో, చెప్పులతో పోవచ్చో లేదో. నేను ఇక్కడ చదువుకోడానికి వచ్చిన కొత్తల్లో జేబులో పెద్దగా డబ్బుల్లేవు, ఫ్రెండ్స్‌తో ఊరికే తిరగడానికి ఫస్ట్ ఫ్రైడేకి పోయేవాణ్ణి. బయట డ్రమ్ములు విని ఆగి, పక్కన తలుపు తెరిచి ఉంటే తొంగి చూసి, అలా మొదటిసారి ఒక గ్యాలరీలోకి అడుగుపెట్టా. మూడో శుక్రవారం అయితే నేను ఎప్పటికీ పోయేవాణ్ణి కాదు, దాని గురించి చెప్పేవాళ్ళే లేరు. అదంతా మన తిరునాళ్ళ లాంటిది, దేవుణ్ణి చూడటానికి వచ్చేవాళ్ళూ ఉంటారు, జీళ్ళ కోసం వచ్చేవాళ్ళూ ఉంటారు, జీళ్ళ కోసం వచ్చినవాళ్ళు కూడా గుడి ముందు నుంచే పోవాలి.

ఇంకో మాట, బొమ్మలు గ్యాలరీలోనే ఉండాలని ఏముంది? ఆ చుట్టుపక్కల గోడలు చూశారా? 16వ వీధిలో కాయే 16 అని గోడబొమ్మల వరస ఉంది. 2010లో ఇక్కడ ఎస్‌బీ 1070 అనే వలసల చట్టం వచ్చి, పోలీసులు రంగు చూసి కాగితాలు అడుగుతారేమోనని మెక్సికన్ కుటుంబాలు భయపడుతున్న రోజుల్లో, బారియో కఫే నడిపిన సిల్వానా సాల్సిడో ఎస్పార్జా అనే వంటావిడ చొరవతో మొదలైంది అది. వలస వచ్చినవాళ్ళు మేమూ ఈ ఊరివాళ్ళమే అని గోడల మీద రంగుల్లో చెప్పిన చోటు. మీ అత్తగారు కారు దిగక్కర్లేదు, కిటికీలోంచే చూడొచ్చు. పగటి వెలుతురులో పోండి, ఆదివారం పొద్దున అయితే రోడ్డు ఖాళీ.

రూజ్‌వెల్ట్_పక్కవీధి:

తమ్ముడూ, నువ్వన్నది కాదనను. మొదటిసారి వచ్చేవాళ్ళకి వీధే తలుపు. నేను చెప్పేది ఏమిటంటే ఆ గుంపులో వేసినవాళ్ళకి నష్టం జరుగుతోంది. రాత్రంతా లోపలికి వందలమంది వచ్చిపోతారు, ఒక్కరూ బొమ్మ వైపు చూడరు, సెల్ఫీ దిగుతారు, బాత్రూమ్ ఎక్కడ అని అడుగుతారు. ఆ రాత్రి తలుపు మూసుకుని కూర్చునే గ్యాలరీలు కూడా ఉన్నాయి నాకు తెలిసి. జనం ఉన్న రోజు తలుపు మూసుకోవాల్సి రావడం ఎంత బాధో చూడు. కాయే 16 సంగతి గుర్తు చేసి మంచి పని చేశావు, అది నేను రాయాల్సింది.

బే_ఏరియా_బాబాయ్:

మీ ఊరి గొడవ మా ఓక్లాండ్‌లో ఎప్పుడో జరిగింది కాబట్టి చెప్తున్నా. ఇక్కడ 2006లో కొన్ని చిన్న గ్యాలరీలు కలిసి ఆర్ట్ మర్మర్ పేరుతో మొదటి శుక్రవారాలు మొదలుపెట్టాయి. కొన్నేళ్ళకే టెలిగ్రాఫ్ అవెన్యూ మీద రోడ్డంతా మూసి వేలమందితో పెద్ద వీధి పండగ అయిపోయింది. 2013 ఫిబ్రవరిలో, ఆ రాత్రి జనం ఇంకా చెదరకముందే కాల్పులు జరిగి 18 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. ఊరు చాలా కలత చెందింది. ఆపేస్తారేమో అనుకున్నాం. ఆపలేదు, రాత్రి తొందరగా ముగించేలా వేళలు కుదించారు, రోడ్డు మూసే భాగం తగ్గించారు. వీధి పండగని ఒక సంస్థ విడిగా చూసుకోవడం మొదలుపెట్టింది. గ్యాలరీలవాళ్ళు శనివారం మధ్యాహ్నం నిదానంగా తిరిగి చూసే నడక ఒకటి పెట్టుకున్నారు. మీ మూడో శుక్రవారం లాంటిదే అనుకోండి.

నా అభిప్రాయం, రెండూ విడిపోవడం తప్పేం కాదు. ఒకే రాత్రి ఒకే వీధి అన్ని పనులూ చెయ్యలేదు. సియాటెల్ పయనీర్ స్క్వేర్‌లో 1981 నుంచి మొదటి గురువారం ఆర్ట్ వాక్ నడుస్తోంది, ఈ దేశంలో ఇలాంటివాటికి అదే మొదలని అంటారు. అన్నేళ్ళు నిలబడిందంటే నాకు కనిపించే కారణం, అది ఇప్పటికీ గ్యాలరీల చేతిలో ఉన్న సాయంత్రమే. తిండీ పాటా దాని చుట్టూ చేరాయి తప్ప దాన్ని తోసెయ్యలేదు.

లక్డీకాపూల్_నుంచి:

ఇదంతా చదువుతుంటే ఒకటే అనిపిస్తోంది, మన హైదరాబాద్‌లో నెలనెలా ఇలాంటిది ఎందుకు లేదు? మాకు లేనిదేమీ లేదు. ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా అనే వీధి కళ సంస్థ వాళ్ళు వచ్చి బస్తీ ఇళ్ళ గోడల మీదే పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు, ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని పేరూ పెట్టారు. కొన్నాళ్ళు ఫోటోలు దిగడానికి అందరూ వచ్చారు. తర్వాత ఎండకీ వానకీ రంగు పోతూ వచ్చింది. అక్కడ ఉండే జనం అంతా మంచివాళ్ళే, చాయ్ తాగిపో అని పిలుస్తారు, కానీ ఫలానా రోజు సాయంత్రం ఇక్కడికి రండి అని చెప్పడానికి ఏమీ లేదు.

2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి సండే ఫన్‌డే పెట్టారు. హస్తకళల స్టాల్స్, బ్యాండు, పిల్లల ఆటలు, బ్రహ్మాండంగా ఉండేది. తర్వాత చార్మినార్ దగ్గర కూడా పెట్టారు. కానీ వచ్చే ఆదివారం ఉందో లేదో ముందురోజు ట్విట్టర్‌లో చూసుకోవాల్సి వచ్చేది. సర్కారు పెట్టింది సర్కారు ఇష్టం వచ్చినప్పుడు ఆగిపోతుంది, ఎంత మంచిదైనా.

నిలబడింది ఏదంటే లామకాన్. 2010 నుంచి బంజారాహిల్స్‌లో, ఒక పాత ఇంటి ఆవరణలో, నాటకం, పాట, చర్చ, బొమ్మలు, ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. చాయ్, సమోసా తినుకుంటూ రాతిమెట్ల మీద కూర్చోవచ్చు. పైన రూజ్‌వెల్ట్ అన్న చెప్పిందే అక్కడా నిజం, చోటు సొంతవాళ్ళది, అద్దె పెంచేవాడు నెత్తి మీద లేడు. అలాంటివి చుట్టుపక్కల ఇంకో నాలుగు ఉండి, నెలకొక రాత్రి అన్నీ కలిసి తెరిచి ఉంచితే మనకీ ఒక ఫస్ట్ ఫ్రైడే వచ్చినట్టే. బంజారాహిల్స్‌లో, జూబ్లీహిల్స్‌లో గ్యాలరీలు ఉన్నాయి, కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి పోలేం, ఫుట్‌పాత్ లేదు. నాకు తెలిసి అసలు అడ్డంకి అదే. ఆర్ట్ వాక్ అంటే ముందు వాక్ ఉండాలి కదా.

చుక్కల_ముగ్గు:

తమ్ముడూ, నడక లేకపోతే ఒకే కాలనీలో పెట్టుకోండి. ఇక్కడ మొదలైంది కూడా నలుగురైదుగురు తలుపులు తీస్తేనే. ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్, ఒక స్కూల్ వరండా, ఒక దర్జీ షాపు, సాయంత్రం మూడు గంటలు. తేదీ మాత్రం ఎప్పటికీ మార్చొద్దు. జనం రాని నెలలో కూడా తియ్యాలి, వాన వచ్చినా తియ్యాలి. మొదటి శుక్రవారం అంటే ఇక్కడ ఎవరికీ పోస్టర్ అక్కర్లేదు, క్యాలెండరే పోస్టర్. మన దగ్గర ఇలాంటివి చచ్చిపోయేది "ఈ నెల పెళ్ళిళ్ళు ఉన్నాయి, వచ్చే నెల చూద్దాం" అన్నప్పుడే.

స్వర్ణముఖి_ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మా ఆవిడతో కూర్చుని అంతా చదివాం. ఐ-140 అప్రూవ్ అయింది, ఈఏడీకి ఈ వారమే లాయర్‌తో మాట్లాడతాం. అది వచ్చేదాకా స్టాల్ ఆలోచన పక్కన పెట్టాం, అక్క చెప్పినట్టు రాతపూర్వకంగా అడుగుతాను. మూడో శుక్రవారం అత్తగారిని తీసుకుని ఐ లౌంజ్‌కి వెళ్తాం, సభ్యులు ఎవరైనా కనిపిస్తే మాట్లాడతాం.

మా ఆవిడ ఒక ప్రశ్న అడగమంది అక్కా. అక్కడ కూర్చుని గియ్యమన్నారు కదా, నల్లరంగు మధ్యలో ఆపితే గీత చెడుతుంది, ఎవరైనా ప్రశ్న అడిగితే తల ఎత్తి జవాబు చెప్పాలి. గీస్తూ మాట్లాడటం మీకు ఎలా కుదురుతుంది?

చుక్కల_ముగ్గు:

మంచి ప్రశ్న అడిగింది. అమ్మాల్సిన బొమ్మ స్టాల్‌లో గియ్యొద్దని చెప్పు. అక్కడ గియ్యడానికి వేరే చిన్న గుడ్డలు పెట్టుకోమను, చెడినా బాధ ఉండకూడదు. ఇక్కడ పని చెయ్యడానికి అనుమతి ఉన్నవాళ్ళు ఎవరైనా పక్కన ఉండి మాట్లాడాలి, ధర చెప్పడం, డబ్బు తీసుకోవడం వాళ్ళ పని, గియ్యడం ఒక్కటే తన పని. నాకు మా పెద్దమ్మాయి ఆ సాయం చేస్తుంది. పిల్లలు అడిగితే మాత్రం తనే ఆపి, కలం వాళ్ళ చేతికిచ్చి ఒక గీత గీయించమను, ఆ పిల్లలు వాళ్ళ అమ్మానాన్నల్ని అక్కడి నుంచి కదలనివ్వరు. కార్డు వచ్చాక నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, అక్టోబర్ నాటికి అయితే నా స్టాల్ పక్క చోటుకి అప్లై చేద్దాం. బరువులు నా దగ్గర ఎక్స్‌ట్రా ఉన్నాయి, కొనకండి.